కండ్లు లేని దయ్యం తాత

లక్ష్మీనర్సమ్మకు ఈ లోకంలో భయమంటే ఒక్క బల్లి. కొత్తకోటలో ఆమె మగ్గం గది గోడ మీద బల్లి కనబడిందంటే, ఆమె కేక విని వీధి మలుపులో టీ కొట్టువాడు గ్లాసు కింద పెట్టి "అవ్వకు బల్లి కనవడ్డది" అంటాడు. దయ్యాల సంగతి వేరు. వాటితో ఆమెకు చుట్టరికం ఉంది. అందులో ఒకాయన ఆమె మొగుడే.

బతుకమ్మ మొదలయ్యే ముందు వచ్చే పెత్రమాస నాడు, చనిపోయిన పెద్దల పేరున ఇంట్లో విస్తరి వేస్తారు. అందరూ దండం పెట్టి పక్కకు తప్పుకుంటారు. లక్ష్మీనర్సమ్మ తప్పుకోదు. మొగుడు వెంకటనర్సు పేరున వేసిన విస్తరి ముందు పీట వాల్చుకుని కూర్చుని ఆయనతో పోట్లాట పెట్టుకుంటుంది.

"తిను. ఉప్పు తక్కువైందని మొఖం ముడుసకు. బతికున్నన్ని దినాలు గదే మొఖం సూపిచ్చినవు. గారెలు మెత్తగ చేసిన, నీకు పండ్లు లేవాయె."

కొడుకు నరహరి వీధి వాళ్లకు వినబడకుండా తలుపు దగ్గరగా వేస్తాడు. కోడలు మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. డిగ్రీ నడిమధ్యలో వదిలేసి ఇంట్లో కూర్చున్న మనవరాలు హారిక మాత్రం తలుపు వెనక నుంచి గొంతు బొంగురు చేసి, తాత తరఫున జవాబిస్తుంది. "గారెలు మంచిగనే ఉన్నయే నర్సమ్మా. నువ్వే జర ముసలిదానివైనవు." అప్పుడు అవ్వ చేతిలోని గరిటె గాలిలోకి లేస్తుంది. అది ఎవరికీ తగలదు. తగలకూడదనే విసురుతుంది.

అలాంటి మనిషి కాబట్టే, దసరా సెలవులు అయిపోయాక ఒక సాయంత్రం మంజుల బడి నుంచి వచ్చి సంచి కింద పడేసి "ఈసారి దయ్యాల పండుగ నా మీద పడ్డది అత్తమ్మా" అన్నప్పుడు ఆమె ఏమీ ఉలిక్కిపడలేదు. మంజుల ఊళ్లోని 'చిట్టి గువ్వలు' అనే పసిపిల్లల బడిలో టీచరు.

"దయ్యాల పండుగేంది? పెత్రమాస పాయెగద."

"గది కాదత్తమ్మా. హాలోవీన్ అని అమెరికోళ్లది. పిల్లలకు వేషాలెయ్యాలె, గుమ్మడికాయకు కండ్లు ముక్కు చెక్కాలె, చాక్లెట్లు పంచాలె. బడికి పేరొస్తదని మా సార్ పట్టుకున్నడు."

"మరి వాళ్లు పెద్దలకు విస్తరి ఏస్తరా?"

"ఎయ్యరు. దయ్యాలొచ్చి బెదిరిస్తయి."

ఆడుతున్న మగ్గం ఆగింది. "ఎవల్ని?"

"పిల్లల్ని."

"పసిపిల్లలనా?" లక్ష్మీనర్సమ్మ కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంతలో నుంచే కోడలిని పైకీ కిందికీ చూసింది, ఆ పండుగ కనిపెట్టింది మంజులే అన్నట్టు. "సచ్చిపోయినోళ్లు ఆకలితోని వస్తరే. బెదిరిచ్చెతందుకు వస్తరా? ఇంటికొచ్చిన మనుమన్నో మనుమరాలినో బెదిరిచ్చి పోయేటోడు వాడేం తాత?"

మగ్గం పక్కన గచ్చు మీద కూర్చుని కండె గొట్టానికి దారం చుడుతున్న సుస్మిత వైపు మంజుల ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

సుస్మిత అదే వీధిలో కిరాయికి ఉండే కోమల బిడ్డ. నాలుగేళ్లు నిండాయో లేదో. కోమల దవాఖానలో నర్సు. బడి విడిచాక తల్లి డ్యూటీ దిగేదాకా పిల్ల ఉండేది లక్ష్మీనర్సమ్మ దగ్గరే. ఆ పిల్ల చుట్టిన కండె నడుము దగ్గర ఉబ్బి, రెండు కొసల్లో సన్నబడి, పచ్చి జామకాయలా ఉంటుంది. అది మగ్గానికి పనికిరాదు. పిల్ల వెళ్లిపోయాక అవ్వ ఆ దారమంతా విప్పి మళ్లీ చుట్టుకుంటుంది. మర్నాడు సుస్మిత వచ్చి "నేను చుట్టింది అయిపోయిందా?" అంటే "ఎప్పుడో అయిపాయె బిడ్డా, ఇంకోటి ఇయ్యి" అంటుంది. నడిచేటప్పుడు ఆ పిల్లకు ఒక అలవాటు ఉంది. చెయ్యి అందిస్తే అరచెయ్యి పట్టుకోదు. చిటికెన వేలు ఒక్కటే గుప్పిట్లో బిగించి పట్టుకుంటుంది.

పోయిన ఏడు ఇదే పండుగకు బడిలో ఒక కుర్ర సారు పుర్రె ముసుగు తగిలించుకుని తలుపు చాటు నుంచి దూకాడు. పిల్లలందరూ కేకలు వేశారు, తర్వాత నవ్వారు. సుస్మిత నవ్వలేదు. బెంచీ కిందికి దూరి, ఎవరు పిలిచినా బయటికి రాలేదు. ఆనాటి నుంచి బడిలోని ఆ పెద్ద గదిలో అడుగు పెట్టదు. రోజూ పొద్దున గేటు దగ్గర తల్లి చున్నీ పట్టుకుని వేలాడుతుంది. ఆ వేళ ఆ గదిలో ఉండి కూడా సారును ఆపలేకపోయానన్న బాధ మంజులకు ఇంకా పోలేదు.

చీకటి పడకముందే కోమల బిడ్డను తీసుకుపోవడానికి వచ్చింది. హాలోవీన్ మాట వినగానే చెప్పుల్లో కాళ్లు పెట్టబోతున్నది ఆగిపోయింది.

"మళ్లనా అక్కా? ఆ దినం నేను సెలవు పెట్టి ఇంట్లనే ఉంచుకుంట పిల్లను."

"ఆ ఒక్క దినం ఉంచుకుంటవు. రోజూ గేటు కాడ ఏడుస్తది గద, దానికేం జేస్తవు?" అంది మంజుల.

కోమల గొంతు తగ్గించింది. "అదే చెప్తున్న. డ్యూటీకి రోజూ ఆలస్యమైతాంది, మా పెద్ద నర్సు ముఖం మీదనే అంటాంది. హుజూర్‌నగర్‌ల మా అమ్మ ఉంది. పిల్లను తోలియ్యి, గీడనే బడికి తోలుత అంటాంది. ఈసారి కూడ బెదిరిందంటే ఇగ తోలిచ్చుడే అక్కా. నాకు వేరే దారి లేదు."

హుజూర్‌నగర్ ఎక్కడ, కొత్తకోట ఎక్కడ! తల్లికి సెలవు దొరికిన వారం దొరుకుతుంది, దొరకని వారం ఫోనులో ముఖం చూసుకోవాలి. లక్ష్మీనర్సమ్మ మగ్గం గుంతలో నుంచి లేచి, సుస్మిత చుట్టిన జామకాయ కండెను తీసి కొంగున ముడేసుకుంది. ఎందుకు ముడేసుకుందో ఆమెకే తెలియదు.

"కోమలా, పిల్లను ఆ దినం బడికి తోలు" అంది. "పండుగ మేం జేస్తం. బడి సార్ జెయ్యడు, ఆ ముసుగు పోరడు జెయ్యడు. నేను జేస్త."

"నువ్వా అవ్వా?" కోమల నవ్వాపుకోలేకపోయింది.

"మీ తాన సచ్చిపోయినోళ్లకు ఏం జేస్తరు?"

"మా క్రైస్తవుల సమాధుల పండుగకు పోయి పువ్వులు పెట్టి, మైనపు వత్తులు ముట్టిచ్చి వస్తం. మా నాయినకు ఇష్టమని మా అమ్మ ఒక పాన్ కూడ పెడ్తది."

"ఇగో!" లక్ష్మీనర్సమ్మ కోడలి వైపు తిరిగి గెలిచినట్టు చెయ్యి ఊపింది. "పాన్ వెడ్తరట. ఎవలన్న బెదిరిస్తున్నరా?"

ఆ విధంగా అమెరికా పండుగ పెత్తనం కొత్తకోట మగ్గం గుంతలోకి దిగింది.

మొదటి తగాదా గుమ్మడికాయల దగ్గర వచ్చింది. హారిక ఫోనులో బొమ్మలు చూపించింది. కండ్లు కోసి, పండ్లు చెక్కి, లోపల దీపం పెట్టిన గుమ్మడికాయలు. అవ్వ కళ్లజోడు సర్దుకుని చూసి, "గిది మన కిరాణం కొట్టు ముంగట ఏలాడే దిష్టి గుమ్మడికాయనే గద. దానికి బెదిరేది దిష్టి, పిల్లలు కాదు" అంది. కానీ కత్తి పెట్టనివ్వలేదు. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు మొదటి కత్తి పెట్టకూడదు, మగవాడు పెట్టాకే ముట్టాలి. నరహరికేమో పెట్రోలు బంకులో పగలంతా డ్యూటీ.

"మరెట్ల?" అంది మంజుల.

"కొయ్యకుంటె సచ్చిపోతదా? బొమ్మ గియ్యి."

హారిక సున్నం, పసుపు, కాటుక పెట్టి ముఖాలు గీసింది. ఒకటి నవ్వింది, ఒకటి నాలుక బయట పెట్టింది, ఒకటి బుగ్గలు ఉబ్బించి అచ్చం నరహరిలా కూర్చుంది. నరహరి ఇంటికొచ్చి దాన్ని కాసేపు చూసి, "గిది ఎవల్ని జూసి గీసినవే?" అని అడిగాడు. అవ్వ ఆ కాయకు బొట్టు పెట్టి, "మంచోడు, తక్కువ మాట్లాడ్తడు" అంది.

అసలు సంగతి దయ్యం. దయ్యం వెంకటనర్సు తాతే కావాలని అవ్వ పట్టుబట్టింది. ఆయన వస్తాడు, ఆకలి అంటాడు, పిల్లలు ఆయనకు మురుకులు పెడతారు. వచ్చినవాడే అడుక్కుంటుంటే పిల్లలకు భయమెందుకు? వేషం ఎవరు కడతారంటే, "మీ తాత లెక్క దగ్గుడు మీకెవలికొస్తది? నాకే వస్తది" అని తేల్చేసింది.

"తెల్ల దుప్పటి బజార్ల కొనుక్కొస్త అవ్వా" అంది హారిక.

"కొన్న దుప్పటి కప్పుకొని వస్తడా మీ తాత? పుట్టినకాడికెల్లి నేసేటోడు! ఆయినకు మిల్లు గుడ్డ కప్పితే నిజంగనే దయ్యమై పట్టుకుంటడు నన్ను."

మిగిలిపోయిన తెల్ల నూలు పడుగు ఒకటి ఉంటే, చీర పని పక్కన పెట్టి దాన్ని మగ్గానికి ఎక్కించింది. పల్చగా, మెత్తగా, దుప్పటంత గుడ్డ. నేస్తున్నంతసేపూ దగ్గు సాధన చేసింది. మంజుల పరుగున వచ్చి "మందు తాగుతవా అత్తమ్మా?" అని అడిగింది కూడా.

పండుగ ముందు రోజు గుడ్డ మగ్గం దిగింది. హారిక కత్తెర పట్టుకొచ్చింది. "ఆగవ్వా, కండ్ల కాడ రెండు బొక్కలు కోస్త."

లక్ష్మీనర్సమ్మ అరిచిన అరుపుకు టీ కొట్టువాడు బల్లి అనుకున్నాడు.

"మగ్గం దిగిన గుడ్డకు కత్తెర వెడ్తవా! ముందుగల ఒంటి మీదికి ఎక్కాలె, నీళ్లల్ల తడవాలె, గప్పుడు కత్తెర. మా అత్త కాలం నుంచి ఈ ఇంట్ల గదే కట్టడి. కొత్త గుడ్డకు కత్తెర వెట్టుడంటే పుట్టిన పిల్లకు గుండు గీకినట్టు."

"రేపు ఒంటి మీదికి ఎక్కుతది గదనే."

"ఎక్కినంక, తడిసినంక ఎల్లుండి కోసుకో పో."

"ఎల్లుండి దయ్యం యాడికి పోతది, సంతకా?"

ఆ కత్తెరను అవ్వ పప్పు డబ్బాలో దాచిపెట్టింది. కాళ్ల కడియాలు మాత్రమే బయట కనబడేటట్టు గుడ్డ కప్పుకుని ఇంట్లో ఒకసారి నడిచి చూసింది. నాలుగడుగులు వేసి నీళ్ల బిందెకు గుద్దుకుంది. "ఎవలే బిందెను నడుమల వెట్టింది?"

"నువ్వేనవ్వా, పొద్దుగాల."

మంజుల బిందెను పక్కకు జరిపింది. "పడితే నడుము ఇరుగుతది అత్తమ్మా. పిల్లలు ఇంకింత బెదురుతరు. సుస్మిత సంగతి యాది పెట్టుకో."

అవ్వకు అదే యాదిలో ఉంది. అయినా కట్టడి కట్టడే. చివరికి హారిక గుడ్డ కొస పట్టుకుని నడిపించేటట్టు ఒప్పందం కుదిరింది.

మర్నాడు బడిలో పెద్ద గది పిల్లలతో నిండిపోయింది. ఒకడు టమాటా, ఒకతె సీతాకోకచిలుక, ఇంకొకడు ఏమిటో వాడికే తెలియదు. బంతిపూల దండల కింద గుమ్మడికాయలు వరుసగా కూర్చున్నాయి. కిటికీలో తల్లి కనబడుతుందంటేనే సుస్మిత గడప దాటి, తలుపుకు దగ్గరగా, ఎప్పుడైనా పారిపోయేటట్టు గోడకు ఆనుకుని కూర్చుంది. వేషం వద్దన్నది. కోమల డ్యూటీ బట్టలతోనే వచ్చి కిటికీ బయట నిలబడింది. బిడ్డ ఏడుపు మొదలుపెడితే ఎత్తుకుపోవాలని.

మంజుల చెప్పింది. "ఇయాళ మన కాడికి ఒక తాత వస్తడు. చానా దూరంకెల్లి వస్తడు. ఆకలితోని ఉంటడు. మురుకులు ఎవలు పెడ్తరు?"

"నేను! నేను!"

తలుపు బయట హారిక అవ్వ మీద గుడ్డ సర్ది, కొస పట్టుకుని లోపలికి అడుగు వేసింది. అంతే. నేల మీద పడి ఉన్న మైకు తీగ ఆమె కాలికి చుట్టుకుంది. హారిక బొక్కబోర్లా పడింది. మైకు ఒక్క కీచు పెట్టింది. చెవులు చిల్లులు పడేంత కీచు.

గుడ్డ లోపల లక్ష్మీనర్సమ్మకు అంతా తెలుపు. పాల కడవలో మునిగినట్టుంది. కొస లాగే చెయ్యి లేదు. ముందు ఏముందో తెలియదు, వెనక ఏముందో తెలియదు. ఒక పిల్ల ఏడుపు వినబడింది. దానికి ఇంకొకటి తోడైంది. అందులో సుస్మిత గొంతు ఉందా లేదా అని చెవి రిక్కించింది. తెలియలేదు. కళ్ల ముందు హుజూర్‌నగర్ బస్సు, దాని కిటికీలో ఒక చిన్న ముఖం కనబడ్డాయి.

'సావనీ కట్టడి' అనుకుని గుడ్డ తీసేద్దామని రెండు చేతులూ పైకెత్తింది. బయట నుంచి చూసేవాళ్లకు దయ్యం ఒక్కసారిగా రెండింతలు పెరిగింది. ఏడుపులూ రెండింతలయ్యాయి.

లక్ష్మీనర్సమ్మ గబుక్కున చేతులు దించి, ఉన్నచోటనే కింద కూలబడింది. మోకాళ్లు కటుక్కుమన్నాయి. ఏం చెయ్యాలో తోచక, తోచిందొక్కటే చేసింది. వెంకటనర్సులా దగ్గింది. ముందు రెండు పొడి దగ్గులు, ఆపై ఒక పొడుగు దగ్గు, ఆఖరున "రామచంద్రా".

"ఎవలన్న ఉన్నరా బిడ్డా?" బొంగురు గొంతుతో అంది. "నాకు కండ్లు కనవడ్తలెవ్వు. మా ఇంటిది గుడ్డకు కండ్లు కొయ్యనియ్యలే. మొండిది. ఆకలైతాంది. మురుకుల వాసనస్తాంది గని, యాడున్నయో తెల్వకపాయె. జర ఎవలన్న చెయ్యి పట్టుకుంటరా?"

ఏడుపులు తగ్గాయి. ఒక ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. గుడ్డ బయటికి చాచిన ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

చిన్న పాదాల చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. చెమట పట్టిన చిన్న గుప్పిట ఒకటి ఆమె చేతిని తడిమి, వేళ్లన్నీ వదిలేసి, చిటికెన వేలు పట్టుకుంది.

లక్ష్మీనర్సమ్మ కొంచెంసేపు దగ్గడం మరిచిపోయింది.

గుడ్డకు నోరు ఆనించి సుస్మిత గుసగుసగా అడిగింది. "తాతా, నీ కాళ్లకు మా అవ్వ కడియాలెట్లొచ్చినయి?"

"అడిగి... అడగకనే తెచ్చుకున్న బిడ్డా."

"అవ్వకు తెల్సా?"

"తెల్వది. చెప్పకు."

"చెప్ప." పిల్ల కాసేపు ఆలోచించింది. "పోయేటప్పుడు ఇచ్చి పో. లేకుంటె గరిటె ఇసురుతది." తర్వాత అందరి వైపూ తిరిగి గట్టిగా అంది. "ఏడ్వకుండ్రి! గీ తాతకు కండ్లు లేవు. నేను పట్టుకున్న. లే తాతా. మెల్లగ."

నిన్నటిదాకా అడుగు పెట్టని గదిలో సుస్మిత దయ్యాన్ని నడిపించింది. "గీడ తీగ ఉంది, కాలు లేపు." "గిది గుమ్మడికాయ, తొక్కకు." పిల్లలు చుట్టూ మూగారు. టమాటా వేషం వాడు గుడ్డ కింద నుంచి మురుకు లోపలికి తోశాడు. అది ముక్కులోకి పోబోయి నోట్లోకి పోయింది. దయ్యం నమిలి, "ఉప్పు తక్కువైంది" అని ముఖం ముడుచుకుంది. ముఖం ఎవరికీ కనబడలేదు, అయినా గదంతా నవ్వింది. కిటికీ దగ్గర కూడా ఎవరో నవ్వి, ముక్కు చీదుకున్నారు. ఆ చీదుడు కోమలదని అవ్వ పోల్చుకుంది.

సాయంత్రం కోమల బిడ్డను తీసుకుపోవడానికి వచ్చి, గడప మీద కూర్చుని లేవలేదు. "రేపటికెల్లి గేటు కాడ దించి పోవాలంట. లోపటికి తనే పోతదంట. టిఫిన్ గిన్నెల రెండు మురుకులు ఎక్కువ పెట్టాలంట, తాత వస్తడేమోనని." చున్నీతో కళ్లు ఒత్తుకుంది. "మా అమ్మకు ఫోన్ చేసిన అవ్వా. పిల్లను తోలుతలేనని చెప్పిన."

"గట్లనా" అంది లక్ష్మీనర్సమ్మ, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు. అని, కొంగు ముడి విప్పి జామకాయ కండెను మళ్లీ మగ్గం పక్కన పెట్టింది. తర్వాత మోకాళ్లకు నూనె రాయమని హారికను తిట్టింది.

మర్నాడు పొద్దున బడికి పోయే దారిలో సుస్మిత తల్లిని లాక్కుని వచ్చింది. ముందు అవ్వ కాళ్ల వైపు చూసింది. కడియాలు ఉన్నాయి. ఊపిరి పీల్చుకుంది. వాకిట్లో తీగ మీద మురుకుల నూనె మరకలు పోయేదాకా ఉతికిన తెల్ల గుడ్డ నీళ్లు కారుతూ ఆరుతోంది. పిల్ల దాని దగ్గరికి పోయి కొస పట్టుకుని నిలబడింది.

"అవ్వా, తాత తడిసిండు."

"ఆర్తడు బిడ్డా, ఎండొచ్చింది గద."

పప్పు డబ్బాలో కత్తెర దొరికిన హారిక దాన్ని టకటకలాడించుకుంటూ వచ్చింది. "ఒంటి మీదికి ఎక్కింది. నీళ్లల్ల తడిసింది. నీ కట్టడి అయిపాయె అవ్వా. ఇగ కండ్లు కొయ్యనా, వచ్చే ఏటికి?"

లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచేలోపే సుస్మిత గుడ్డకు అడ్డంగా చేతులు చాపింది.

"కొయ్యకు హారికక్కా. కండ్లుంటె తాత నా చెయ్యి పట్టుకోడు."